శివారు నుంచి మహానగరం నడిబొడ్డుకు సైకిల్ మీద ఒక రోజు: వెళ్లి రావడం ఎలా?

ఊళ్లు దాటుకుంటూ బయటికి సాగే దూరప్రయాణంలో కష్టమంతా మొదట్లోనే ఉంటుంది. రద్దీ దాటిన తరువాత రోడ్డు ఖాళీ అవుతుంది, మనసు తేలికపడుతుంది. శివారు నుంచి మహానగరంలోకి వెళ్లే ప్రయాణం దీనికి సరిగ్గా తలకిందులు. ఒళ్లు చురుగ్గా ఉండే తొలి గంటలో రోడ్డు సులువుగా ఉంటుంది. కాళ్లు బరువెక్కి కళ్లు అలసే వేళకు కూడళ్లు, బస్సులు, ఆగి ఉన్న కార్ల వరుసలు, అటూ ఇటూ దాటే మనుషులు ఒక్కసారిగా ఎదురవుతారు. అందుచేత ఈ ప్రయాణంలో కాళ్ల సత్తువ కన్నా ముందు దాచుకోవలసింది శ్రద్ధ. ఇక్కడ చెప్పే ఏర్పాట్లన్నీ, నగరంలో అడుగుపెట్టే సమయానికి మీ కళ్లు, చెవులు, చేతులు తాజాగా ఉండాలన్న లెక్కతో చెబుతున్నవే. రానూపోనూ కలిపి 70 కిలోమీటర్ల ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. వారానికి రెండు మూడు రోజులు సైకిల్ తొక్కే అలవాటు ఉన్నవారికి, మామూలు గేర్ల సైకిల్ మీద, ఇది ఒక రోజులో అయ్యే పని. అలవాటు తక్కువైతే రెండు వారాల ముందు ఇందులో సగం దూరం, అదే సంచి బరువుతో, ఒకసారి తొక్కి చూసుకోండి.

దారిని ముందుగా కాగితం మీద తొక్కండి

మ్యాపు తెరిచి ఇంటి నుంచి నగరానికి గీత గీయడం చాలామంది చేసే పని. నేను మాత్రం ముందు అడ్డంకుల దగ్గర మొదలుపెట్టమంటాను. శివారుకూ నగరానికీ నడుమ సాధారణంగా మూడు అడ్డుగోడలు ఉంటాయి: నది లేదా పెద్ద కాలువ, రైలు పట్టాలు, నగరాన్ని చుట్టి వచ్చే వలయ రహదారి. వీటిని ఎక్కడ పడితే అక్కడ దాటడం కుదరదు. దాటగలిగే వంతెనలు, అండర్‌పాస్‌లు కొన్నే ఉంటాయి, వాటిలో సైకిల్‌కు అనువైనవి ఇంకా తక్కువ. మొదట వాటిని గుర్తించి మ్యాపు మీద చుక్కలు పెట్టుకోండి. ప్రతి అడ్డంకికీ ఒక మంచి చుక్క దొరికిన తరువాత ఆ చుక్కలను కలిపే చిన్న రోడ్లను వెతకడం ఎంతో సులువు. గీత ముందు గీసుకుని బయలుదేరినవారు, ఎనిమిది వరుసల రహదారి అంచున నిలబడి, అవతలికి ఎలా వెళ్లాలో తెలియక రెండు మూడు కిలోమీటర్లు వెనక్కి రావడం నేను చూశాను.

రెండో పని, పాత రోడ్డును వెతకడం. పెద్ద నగరానికి వెళ్లే కొత్త రహదారికి దాదాపు సమాంతరంగా, ఊళ్ల మధ్య నుంచి వంకర్లు తిరుగుతూ వెళ్లే పాత రోడ్డు చాలా చోట్ల ఇంకా ఉంటుంది. కొత్త రహదారి రద్దీని లాగేసుకోవడం వల్ల పాతది సైకిల్‌కు ఖాళీ అవుతుంది. దూరం రెండు మూడు కిలోమీటర్లు పెరిగినా సరే, దానినే ఎంచుకోండి. కాలువ గట్టు వెంబడి, మూతపడిన రైలు మార్గం వెంబడి సైకిల్ బాటలు వేసిన చోట్ల అవి ఇంకా మేలు. ఎక్స్‌ప్రెస్ మార్గాల మీదికి సైకిళ్లను అనుమతించని దేశాలే ఎక్కువ కాబట్టి, మ్యాపు చూపించే దారిలో అలాంటి ముక్క ఏదైనా ఉందేమో చూసుకుని తప్పించండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా పనిచేసే యాప్‌లలో సైకిల్ బాటల వివరాలు బాగా కనిపిస్తాయి. ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకునేలా మ్యాపును ముందు రాత్రే ఫోనులోకి దించుకోండి. కూడళ్ల పేర్లు, తిరగవలసిన వైపు ఒక చిన్న చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి హ్యాండిల్‌కు అంటించుకుంటే, రద్దీలో ఫోను వంక చూడవలసిన అవసరం సగానికి సగం తగ్గుతుంది.

దారితో పాటు దిక్కును కూడా చూసుకోవాలి. దీనిని చాలామంది మరిచిపోతారు. మీ ఇల్లు నగరానికి పడమర వైపు ఉంటే ఉదయం వెళ్లేటప్పుడు, సాయంత్రం వచ్చేటప్పుడు కూడా సూర్యుడు మీ కళ్లలోకే కొడతాడు. అంతకన్నా ముఖ్యంగా, మీ వెనుక వచ్చే డ్రైవర్ల కళ్లలోకి కూడా కొడతాడు, ఆ వెలుగులో వాళ్లకు మీరు సరిగా కనిపించరు. ఇల్లు పడమరన ఉన్నవారు సూర్యుడు కాస్త పైకి లేచాక నగర రోడ్లను అందుకునేలా, పొద్దు వాలకముందే ఇంటికి చేరేలా వేళలు మార్చుకోవాలి. ఇల్లు తూర్పున ఉంటే ఎండ వీపుకు తగులుతుంది, మీకు హాయిగానే ఉంటుంది. అయితే ఎదురుగా వచ్చి మీ ముందు నుంచి పక్కకు మళ్లే బండివాడికి మీరు కనిపించకపోవచ్చన్న సంగతిని కూడళ్ల దగ్గర గుర్తుంచుకోండి.

వేళల లెక్క

నగరం బయట 24 కిలోమీటర్లు గంటకు 16 చొప్పున గంటన్నర, లోపల 11 కిలోమీటర్లు సిగ్నళ్ల వల్ల గంటకు 11 చొప్పున ఒక గంట, విశ్రాంతికి ముప్పావు గంట, మొత్తం మూడుంబావు గంటలు. ఉదయం 6కు బయలుదేరితే 9:15కు చేరతారు. తిరుగు ప్రయాణానికి ఇదే లెక్క వేయకండి. అలసట, మధ్యాహ్నం తరువాత సాధారణంగా బలపడే గాలి, నగరం దాటడంలో జరిగే ఆలస్యం కలిసి నాలుగు గంటలైనా తీసుకుంటాయి. మధ్యాహ్నం 1కి తిరుగుముఖం పడితే సాయంత్రం 5కు ఇంట్లో ఉంటారు. ఆ 1 గంట వేళ అన్నది చూసిన వింతల మీదా, మిగిలిన పనుల మీదా ఆధారపడకూడదు. ఎక్కడ ఉన్నా ఆ వేళకు సైకిల్ ఇంటి వైపు తిప్పాలని ముందే నిర్ణయించుకోండి. పని దినాల ఉదయం రద్దీ అంతా మీరు వెళ్లే దిక్కుకే పారుతుంది కనుక మొదటిసారి సెలవు రోజునే ఎంచుకోవడం మంచిది. వెనక్కి రైలులో రావాలనుకుంటే ఆ రైళ్లలో సైకిళ్లను ఎక్కించుకుంటారో లేదో, ఏ వేళల్లో ఎక్కనివ్వరో ముందే అడిగి తెలుసుకోండి.

సైకిల్‌ను సిద్ధం చేయడం

బయలుదేరే రోజుకు మూడు నాలుగు రోజుల ముందు ఈ పనికి కూర్చోండి. ముందు రాత్రి కూర్చుంటే, లోపం కనిపించినా దాన్ని సరిచేయించే వ్యవధి ఉండదు. టైరు పక్క గోడ మీద ఎంత గాలి కొట్టాలో అచ్చువేసి ఉంటుంది, ఆ హద్దుల లోపల కొట్టండి. అదే చోట 37-622 వంటి అంకె కూడా కనిపిస్తుంది. అందులో మొదటిది టైరు వెడల్పు, రెండోది టైరు రిమ్ము మీద కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. అదనపు ట్యూబు కొనేటప్పుడు ఈ అంకె చూపిస్తే సరిపోతుంది. ట్యూబు వాల్వు ఏ రకమో, మీ చేతి పంపు దానికి సరిగ్గా బిగుస్తుందో లేదో ఇంట్లోనే పరీక్షించండి. సన్నగా ఉండే ప్రెస్టా వాల్వుకు, లావుగా ఉండే కార్ల తరహా ష్రేడర్ వాల్వు పంపు పట్టదు. ఈ విషయం రోడ్డు పక్కన తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

తరువాత రెండు బ్రేకులనూ ఒక్కొక్కటిగా గట్టిగా పట్టి సైకిల్‌ను ముందుకు తోయండి. ముందు బ్రేకు పట్టినప్పుడు వెనుక చక్రం పైకి లేవాలి, వెనుక బ్రేకు పట్టినప్పుడు వెనుక చక్రం తిరగకుండా ఈడ్చుకుపోవాలి. లీవరు హ్యాండిల్ పిడిని తాకుతుంటే తీగ బిగించాలి. చైన్‌ను పాత గుడ్డతో పట్టుకుని పెడల్‌ను వెనక్కి తిప్పుతూ, నల్లటి జిడ్డు రావడం తగ్గేదాకా తుడవండి. ఒక్కో లంకెకు ఒక్కో చుక్క నూనె వేసి, కాసేపు తిప్పి, పైన మిగిలిన నూనెను మళ్లీ తుడిచేయండి. నూనె పని చేయవలసింది లంకెల లోపల. పైన మిగిలితే దుమ్మును పట్టి చైన్‌ను అరగదీస్తుంది.

సీటు ఎత్తు సరిగా లేకపోతే 20 కిలోమీటర్లకే మోకాలు ఫిర్యాదు చేస్తుంది. గోడను ఆనుకుని సీటు మీద నిటారుగా కూర్చుని, పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి, మడమను దాని మీద ఆనించండి. అప్పుడు కాలు నిటారుగా సాగాలి, నడుము ఒక పక్కకు ఒరగకూడదు. ఆ ఎత్తులో పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలి దగ్గర చిన్న వంపు దానంతట అదే మిగులుతుంది.

ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం పగటి ప్రయాణమైనా తప్పనిసరి, ఎందుకంటే అండర్‌పాస్‌లలోనూ ఎత్తయిన భవనాల నీడలోనూ మధ్యాహ్నం కూడా చీకటే. 1968లో వియన్నాలో కుదిరిన అంతర్జాతీయ రోడ్డు రాకపోకల ఒప్పందం కూడా సైకిల్‌కు పనిచేసే బ్రేకు, దూరానికి వినిపించే బెల్లు, వెనుక ఎర్రటి రిఫ్లెక్టరు, ముందూ వెనుకా దీపాల ఏర్పాటు ఉండాలనే చెబుతుంది. హెల్మెట్ నుదుటిని కప్పాలి, కనుబొమలకు పైన రెండు వేళ్ల సందు మాత్రమే మిగలాలి.

వెంట ఉండవలసినవి

ఒక ట్యూబు, రెండు టైరు లీవర్లు, ప్యాచీలు, సొల్యూషన్, గరుకు కాగితం, పంపు, బోల్టులు బిగించే ఆలెన్ కీల కట్ట, ఒక గుడ్డ ముక్క, గట్టి తాళం, రెండు నీళ్ల సీసాలు, కొద్దిపాటి తిండి, గుర్తింపు కార్డు, కొంత నగదు. వీటిని వీపుకు తగిలించుకోకుండా క్యారియర్‌కు కట్టిన సంచిలో పెట్టండి. బరువు కిందికి దిగితే సైకిల్ స్థిరంగా ఉంటుంది, వీపు చెమటతో తడవదు. అన్నిటికన్నా ముఖ్యంగా భుజాలు బిగుసుకోవు కాబట్టి వెనక్కి తిరిగి చూడడం తేలికవుతుంది. నగరంలో ఆ పని వందల సార్లు చేయాలి.

తొలి గంటన్నర

ఈ భాగంలో చాలామంది చేసే తప్పు వేగం. రోడ్డు ఖాళీగా ఉందని, ఒంట్లో శక్తి ఉందని గట్టిగా తొక్కి, 10 నిమిషాలు మిగిలించుకుని, ఆ 10 నిమిషాలకు బదులుగా నగరంలో అవసరమయ్యే ఏకాగ్రతను పోగొట్టుకుంటారు. పక్కన ఎవరైనా ఉంటే ఆయాసపడకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగం చాలు. గేరు తేలిక చేసి, పెడళ్లు నిమిషానికి 70 నుంచి 90 చుట్లు తిరిగేలా తొక్కండి. బరువు గేరులో మెల్లగా తొక్కితే మోకాళ్ల మీద భారం పడుతుంది. దాహం వేసేదాకా ఆగకుండా 15, 20 నిమిషాలకోసారి రెండు గుక్కలు తాగండి. ఎండా చలీ మితంగా ఉన్న రోజు గంటకు దాదాపు అర లీటరు చాలు, ఎండ ఎక్కువైతే ఇంకా కావాలి. గంట దాటిన తరువాత ప్రతి గంటకూ 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లేలా చూడండి. మధ్యస్థంగా ఉండే అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది కాబట్టి లెక్క కష్టం కాదు. ఆకలేసినప్పుడు తిందామనుకుంటే ఆలస్యమైపోతుంది. కాళ్లకన్నా ముందు బుర్ర మందగిస్తుంది, చిరాకు పుడుతుంది, సిగ్నల్ దగ్గర తప్పు నిర్ణయాలు తీసుకుంటారు.

నగరం పొలిమేర రాగానే, అలసట లేకపోయినా సరే, ఆగండి. ఈ ఆగడాన్ని నేను ఎప్పుడూ వదలను. పావుగంట కూర్చుని, తిని, తాగి, మూత్రవిసర్జన ముగించుకుని, బ్రేకులు మళ్లీ ఒకసారి పట్టి చూసి, దీపాలు వెలిగించి, చీటీలో రాబోయే మూడు నాలుగు మలుపులు చదువుకుని మళ్లీ ఎక్కండి.

నగరం లోపల

రోడ్డు అంచుకు పూర్తిగా అతుక్కుని తొక్కడం భద్రం అనిపిస్తుంది, కానీ అక్కడే గాజు పెంకులు, మురుగు జాలీలు, పక్కన ఆగిన కార్ల తలుపులు ఉంటాయి. కారు తలుపు పూర్తిగా తెరిస్తే ఒక మీటరు దాకా రోడ్డు మీదికి వస్తుంది. ఆగిన కార్ల వరుస పక్కన వెళ్లేటప్పుడు అంతకన్నా కాస్త ఎక్కువ ఎడం పాటించండి, రెండు కార్ల మధ్య ఖాళీ కనిపించినప్పుడల్లా లోపలికి దూరి మళ్లీ బయటికి రాకండి. ఎడం పాటించే వీలు లేనంత ఇరుకైతే వేగం తగ్గించి, కార్లను చదవడం నేర్చుకోండి: వెనుక అద్దం గుండా డ్రైవరు సీట్లో తల కనిపిస్తోందా, వెనుక ఎర్ర దీపాలు ఇప్పుడే ఆరాయా, ముందు చక్రం రోడ్డు వైపు తిరిగి ఉందా? ఇప్పుడే ఆగిన కారు తలుపు తెరుచుకుంటుంది, ముందు చక్రం తిరిగిన కారు కదులుతుంది.

లారీలు, బస్సుల విషయంలో ఒకే నియమం, దానికి మినహాయింపు లేదు. కూడలి దగ్గర ఆగిన పెద్ద బండికి, రోడ్డు అంచుకు మధ్య ఉన్న సందులోకి ఎప్పుడూ దూరకండి. పొడవైన బండి మలుపు తిరిగేటప్పుడు దాని వెనుక చక్రాలు ముందు చక్రాలు వెళ్లిన దారిలో వెళ్లవు, లోపలి వైపు కోసుకుంటూ వస్తాయి. మొదట తెరిచి ఉన్న సందు మీరు మధ్యలో ఉండగా మూసుకుపోతుంది. ఆ వైపు డ్రైవరుకు సరిగా కనిపించదు కూడా. అద్దంలో మీకు డ్రైవరు ముఖం కనిపించకపోతే మీరూ ఆయనకు కనిపించడం లేదనే అనుకోండి. వెనుకే ఆగండి, బండి పూర్తిగా వెళ్లనివ్వండి.

వరుస మారాలన్నా, మలుపు తిరగాలన్నా ముందు వెనక్కి చూసి, చేయి చాపి, మళ్లీ ఒకసారి చూసి, ఆ తరువాతే కదలండి. పెద్ద కూడలిలో రోడ్డుకు అవతలి వైపుకు మళ్లవలసి వస్తే, మధ్య వరుసలోకి వెళ్లడానికి ధైర్యం చాలకపోవడం సహజం. అలాంటప్పుడు రెండు దఫాలుగా తిరగండి. మొదట తిన్నగా వెళ్లి కూడలి అవతల అంచున ఆగి, సైకిల్‌ను తిప్పి నిలబెట్టుకుని, ఆ వైపు పచ్చ దీపం వచ్చాక దాటండి. ఒక నిమిషం ఆలస్యమవుతుంది, అంతే.

ట్రామ్ పట్టాలు, రైలు పట్టాలు, వంతెనల మీది ఇనుప అతుకులు దాటేటప్పుడు చక్రం వాటికి వీలైనంత అడ్డంగా, లంబకోణానికి దగ్గరగా వెళ్లాలి. ఏటవాలుగా దాటితే టైరు గాడిలో ఇరుక్కుని మనిషిని పక్కకు విసిరేస్తుంది. తడిసినప్పుడు ఇనుము మీదా, రంగు వేసిన గీతల మీదా బ్రేకు పట్టకండి, హ్యాండిల్ తిప్పకండి. వాన పడితే రిమ్మును పట్టే బ్రేకులు మొదటి చుట్టులో నీటిని తుడవడానికే సరిపోతాయి, కాబట్టి మామూలుకన్నా చాలా ముందుగా పట్టడం మొదలుపెట్టండి.

పంక్చరు పడితే

అంచున గాజు ఎక్కువగా ఉండేది కూడా నగరంలోనే. మొదట రోడ్డు మీద నుంచి పూర్తిగా పక్కకు వెళ్లండి. 1888లో జాన్ బాయ్‌డ్ డన్‌లప్ పేటెంటు తీసుకున్న గాలి టైర్లను మొదట్లో రిమ్ముకు అతికించేవారు, వాటిని ఊడదీసి బాగుచేయడం గంటల పని. 1891లో మిషలాన్ సోదరులు ఊడదీయగల టైరును తెచ్చారు కాబట్టే ఈ రోజు మనం రోడ్డు పక్కన పావుగంటలో ఈ పని ముగించగలుగుతున్నాం.

చక్రం ఊడదీసి, మిగిలిన గాలి వదిలేసి, వాల్వుకు ఎదుటి వైపు నుంచి లీవరుతో టైరు అంచును పైకి లేపండి. ట్యూబు బయటికి తీసేటప్పుడు అది టైరులో ఏ వైపుకు ఉన్నదో గుర్తుపెట్టుకోండి. ట్యూబుకు కాస్త గాలి కొట్టి చెంపకు దగ్గరగా తిప్పితే, చేతికి తెలియని సన్నని గాలి కూడా అక్కడ చల్లగా తగులుతుంది. రంధ్రం దొరికాక ట్యూబును టైరు మీద ముందున్నట్లే పరిచి చూస్తే, గుచ్చుకున్నది టైరులో ఎక్కడ ఉందో తెలుస్తుంది. దానిని తీయకుండా కొత్త ట్యూబు వేయకండి. ఒకసారి నేను తొందరలో టైరు లోపల వేలితో ఒక్కసారి మాత్రమే తడిమి, ఏమీ లేదనుకుని కొత్త ట్యూబు వేశాను. ఒక కిలోమీటరు దాటకముందే అదీ పోయింది. రెండోసారి టైరును తిరగేసి వెలుతురులో వంచి చూస్తే, వెంట్రుక కన్నా కాస్త మందమైన ఉక్కు తీగ ముక్క, రబ్బరులో మునిగి, వంచినప్పుడు మాత్రమే కొన బయటపెడుతూ కనిపించింది. అప్పటి నుంచి గుడ్డ ముక్కను టైరు లోపల రెండు దిక్కులా తిప్పుతున్నాను, ఏదైనా ఉంటే గుడ్డ పోగులు దానికి తగులుకుంటాయి, వేలికీ గాయం కాదు. పక్కపక్కనే రెండు రంధ్రాలు కనిపిస్తే మాత్రం ముల్లు కోసం వెతకనక్కరలేదు. గాలి తక్కువై, గుంతలో ట్యూబు రిమ్ముకు నలిగిందన్నమాట.

ప్యాచీ వేయాలంటే గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలుచగా పూసి, దాని మెరుపు పోయేదాకా ఆగి, అప్పుడు అతికించి గట్టిగా నొక్కండి. తడిగా ఉండగా అతికిస్తే నిలవదు. తిరిగి ఎక్కించే ముందు ట్యూబుకు ఆకారం వచ్చేంత గాలి కొట్టండి. టైరు అంచులో చివరి జానెడు భాగాన్ని లీవరుతో కాకుండా బొటనవేళ్లతోనే లోపలికి నెట్టండి, లేకపోతే లీవరు కింద కొత్త ట్యూబు నలుగుతుంది.

సైకిల్ నిలపడం, తిరుగు దారి

నగరంలో ఎక్కడ ఆగినా తాళం ఫ్రేమునూ వెనుక చక్రాన్నీ కలిపి, నేలలో పాతిన ఇనుప కమ్మీ లాంటి కదలని వస్తువుకు వేయండి. దీపాలు, సంచి వెంట తీసుకెళ్లండి. కడుపు నిండా తిన్నవారు అరగంట ఆగి సైకిల్ ఎక్కడం మంచిది.

తిరుగు ప్రయాణంలో మొదటి గంట నగరానిది. ఉదయం దాచుకున్న శ్రద్ధ ఇక్కడ రెండోసారి అవసరమవుతుంది. దారి తెలిసినదే కదా అని చీటీని మడిచి పెట్టకండి, ఒకవైపు రోడ్ల వల్ల వచ్చిన దారిలోనే వెళ్లడం అన్నిచోట్లా కుదరదు. పొలిమేర దగ్గర మళ్లీ పావుగంట ఆగండి. ఇక్కడ మీతో మీరు నిజాయితీగా ఉండాలి. చేతివేళ్లు మొద్దుబారుతున్నా, ఒక సిగ్నల్‌ను చూడకుండా దాటిపోయినా, పేరు చదివిన కూడలి వెంటనే గుర్తురాకపోయినా అది కాళ్ల అలసట కాదు, బుర్ర అలసట. తిని, నీళ్లు తాగి, అరగంట కూర్చున్నా తేరుకోకపోతే రైలో, తెలిసినవారి బండో చూసుకోండి. అప్పటికి మీరు చేయవలసిన కష్టమైన పని రెండుసార్లూ చేసేశారు, మిగిలింది సులువైన రోడ్డే. దానిని ఇంకో రోజు ఎప్పుడైనా తొక్కవచ్చు.

ఇంటికి చేరాక, కూర్చునే ముందు రెండు పనులు చేయండి. చక్రాలను నెమ్మదిగా తిప్పుతూ టైరు పైపొరలో ఇరుక్కున్న గాజు ముక్కలను సన్నని కొనతో ఏరేయండి, ఎందుకంటే ఈ రోజు లోపలికి దిగనిది వచ్చే వారం దిగుతుంది. తరువాత మ్యాపు తెరిచి, ఏ వంతెన బాగుందో, ఏ కూడలి భయపెట్టిందో, ఎక్కడ నీళ్లు దొరికాయో ఆ రాత్రే గుర్తులు పెట్టుకోండి.